తీపి లేని తీపి వాసన

సంక్రాంతికి మా మేనల్లుడు డల్లాస్ నుంచి వచ్చిండు. మా అక్క ఇంట్ల వాడు సూట్‌కేసు విప్పుతుంటే అందరం చుట్టు కూసున్నం. పిల్లలకు చాక్లెట్లు, మా అవ్వకు మోకాళ్ళ నొప్పుల మందు, బాపుకు స్వెట్టరు తీసిండు. ఆఖర్న రెండు తువ్వాలల్ల చుట్టిన మూడు సీసాలు తీసి నా చేతుల పెట్టిండు. "మామా, ఇవి నీకే తెచ్చిన. ఇండ్ల వెనీలా ఉన్నది. తాగి ఎట్లున్నదో నువ్వే చెప్పాలె" అన్నడు.

ఒక్కొక్కటి 355 మిల్లీలీటర్ల సీసా. మందుల సీసా లెక్క ముదురు గోధుమ రంగు గాజు. వెనీలా స్టౌట్ అని రాసున్నది, స్టౌట్ అంటే నల్ల బీరు. ఆల్కహాల్ 6.5 శాతమని ఉన్నది. కింద చిన్న అక్షరాలల్ల ఏమేం వేసిండ్రో ఉన్నది: బార్లీ, ఓట్స్, హాప్స్, ఈస్ట్, వెనీలా కాయలు. నేను ఆ చివరి మాట కాడ ఆగిన. వెనీలా ఫ్లేవర్ అని లేదు, కాయలు అని ఉన్నది. అక్కడెక్కడ్నో ఒక చిన్న బ్రూవరీల చేసిన బీరు, మన దిక్కు దొరకదు. పేరు రాసినా ఎవరికీ పనికిరాదు గనుక రాస్తలేను.

వాడు నాకే ఎందుకు తెచ్చిండో చెప్పాలె. హన్మకొండ నయీంనగర్ల నాకు చిన్న బేకరీ ఉన్నది. పదిహేడేండ్ల సంది నడుపుతున్న. ఈ పదిహేడేండ్లల్ల వెనీలా ముట్టని రోజు నాకు గుర్తు లేదు. స్పాంజికి వెనీలా, క్రీముకు వెనీలా, బిస్కెట్ పిండికి వెనీలా. తెలియనోళ్ళు అది రుచి కోసం వేస్తరనుకుంటరు. అసలు సంగతి, గుడ్డు నీసు వాసన పోవుడు కోసం వేస్తరు. డజను గుడ్లు కొట్టి గిలకొట్టినంక ఆ గిన్నె మీదికి వంగితే తెలుస్తది. రెండు మూతల ఎసెన్స్ పడంగనే నీసు మాయమై, అప్పుడే కేకు తయారైనట్టు వాసన వస్తది. రాత్రి ఇంటికి పోతే నా అంగీకి అదే వాసన. మా బిడ్డ చిన్నగున్నప్పుడు నా భుజం మీద తల పెట్టుకొని "నాయినా, నువ్వు కేకు వాసనొస్తవ్" అనేది.

అందుకే వెనీలా అంటే నాకు పూర్తిగా తెలుసనుకున్న.

బీరు సంగతికొస్తే నాకు అంత తెలివి లేదు. నేను మామూలుగ తాగేటోణ్ణి కాదు. పెండ్లిళ్ళల్ల, పండుగలకు దోస్తులతోని ఒక సీసా. మన వైన్స్‌లకు పోతే బీరు అడిగినోనికి స్ట్రాంగా, లైటా అని రెండే ప్రశ్నలు. రెండూ పసుపు పచ్చగనే ఉంటయి, రెండూ పండ్లు జివ్వుమనేంత చల్లగ ఇస్తరు. నల్ల బీరు అనేది నేను హైదరాబాదుల ఒక్కసారి వేరేవాళ్ళ టేబుల్ మీద చూసిన. అంతే.

భోగి నాడు రాత్రి మా డాబా మీద మొదటి సీసా తెరిచినం. అల్లుడు, నేను, మా బావ. పొద్దుగూకినంక చలి మంచిగనే ఉన్నది. కింద మా ఇంటామె, అక్క కలిసి సకినాలు కాలుస్తున్నరు. నూనెల వాము, నువ్వులు వేగే వాసన మెట్ల మీదుగ పైకి వస్తున్నది. నేను బీరు గదా అని సీసాను పొద్దటి సంది బేకరీ ఫ్రిజ్‌ల పెట్టిన. క్రీము పెట్టే ఫ్రిజ్ అది, నాలుగు డిగ్రీల మీద ఉంటది. అల్లుడు సీసా ముట్టుకొని "అయ్యో మామా, ఇంత చల్లగ వద్దుండె" అన్నడు. అయినా ఆగబుద్ధి కాలేదు, పోసినం.

పోస్తుంటే చూడాలె దాన్ని. సన్నటి ధార గాజు గ్లాసు అంచు మీదికెల్లి జారుతుంటే ముందు కాఫీ డికాషన్ రంగు. సగం నిండెటాలకు ఆ రంగు కూడ లేదు. లైటు ముందట పెట్టి చూస్తే అటువైపు ఏమీ కనబడలేదు. గ్లాసు అడుగు వంచితే అంచుకు మాత్రం దానిమ్మ గింజంత ఎర్రటి జీర మెరిసింది. పైన నురుగు తెల్లగ లేదు, మీగడ తీయని పాలు బాగ మరిగితే వచ్చే రంగుల ఉన్నది. మామూలు బీరు నురుగు సర్రున లేచి సర్రున పోతది. ఇది వేలు మందాన అట్లనే కూసున్నది. గుక్క తాగి గ్లాసు కింద పెడితే లోపలి గోడకు నురుగు ఒక వరుస అంటుకున్నది, ఇంకో గుక్కకు ఇంకో వరుస.

మొదటి గుక్కకు నాకు మాడు చేదు తగిలింది. ఓవెన్ అడుగు తట్టల మరిచిపోయిన రస్కు చేదు. ఇంకేం లేదు. వెనీలా కోసం వెతికిన, దొరకలేదు. మా బావ రెండు గుక్కలకే గ్లాసు పక్కన పెట్టి "నాకు మన బీరే మంచిది" అన్నడు. నాకు కొంచెం మనసుకు కష్టమైంది. అంత దూరంకెల్లి తువ్వాలల్ల చుట్టి తెచ్చిన పిలగానికి ఏం చెప్పాలె?

అప్పుడు బాపు పైకి వచ్చిండు.

మా బాపు గురించి నాలుగు మాటలు రాయకపోతే ఈ కథ నిలవది. మాది వర్ధన్నపేట దిక్కు పల్లె. మా బాపు గీత కార్మికుడు. ముప్పై ఏండ్లకు పైన మోకు, ముస్తాదు కట్టి తాటి చెట్లు ఎక్కిండు. పొద్దుగాల చెట్టెక్కుడు, లొట్టి, అంటే కల్లు కుండ, దించుడు, గెల కొసను కత్తితోని సన్నగ చెక్కుడు, మల్ల లొట్టి కట్టుడు. పొద్దుమూకి మల్ల అదే పని. చెక్కు ఒక్క పూట తప్పితే గెల ఆరిపోతది, ధార ఆగుతది. ఒకనాడు వానకు నానిన తాటి చెట్టెక్కి కాలు జారి పడ్డడు. తుంటి విరిగింది. పానం దక్కింది గని చెట్టు దూరమైంది. నేను అప్పటికే హైదరాబాదుల ఒక బేకరీల పని నేర్చుకుంటున్న. ఆ యేడు ఇంటికొచ్చి, తర్వాత హన్మకొండల దుకాణం పెట్టిన. బాపు ఇప్పుడు మా కాడనే ఉంటడు. డెబ్భైకి దగ్గరున్నడు, షుగర్ ఉన్నది, కాలు కుంటుతడు. ముక్కు మాత్రం చెట్టు మీదున్నప్పటి ముక్కే.

కల్లును బాపు ముందు నాలుకతోని చూడడు. లొట్టి మీదికి వంగి కండ్లు మూసి వాసన పడతడు. ఇది పోద్దాటిది, అంటే మగ తాటి చెట్టుది, ఇది పండుతాటిది, అంటే ఆడ చెట్టుది, ఇది ఈతది అని చెప్తడు. నిన్నటి కల్లు కలిపిండ్రా, నీళ్ళు పోసిండ్రా, లొట్టి మంచిగ కడిగిండ్రా లేదా, అన్నీ వాసనకే చెప్తడు. చిన్నప్పుడు నేను దాన్ని మాయ అనుకునేటోణ్ణి. నేను పిండి పులిసిందా లేదా అని ముక్కుతోని చూసుడు మొదలుపెట్టినంకనే, అది రోజు రెండు పూటల చేసిన పని నేర్పిన విద్య అని నాకు సమజైంది.

"ఏందిరా అది, బొగ్గు నీళ్ళ లెక్కున్నది?" అన్నడు బాపు.

"తాతా, ఇది కూడ బీరే. రెండు గుక్కలు చూస్తవా?" అన్నడు అల్లుడు. నేను షుగర్ సంగతి గుర్తు చేసిన. రెండు గుక్కలకు ఏం గాదని బాపే అన్నడు.

గాజు గ్లాసు బాపుకు నచ్చలేదు. మూతి ఇరుకున్నది, ముక్కు లోపలికి పోతలేదన్నడు. మా ఇంటామె కిందికెల్లి స్టీలు గిన్నె పంపింది, పప్పు పోసుకునేది. అండ్ల కొంచెం పోసిచ్చిన. బాపు తాగలేదు. గిన్నె రెండు చేతుల నడుమ పెట్టుకొని కూసున్నడు. పక్కన మేం మాట్లాడుకుంటనే ఉన్నం. పది నిమిషాలు గడిచినయేమో, ఇంక తాగవా బాపూ అన్న.

"గింత సల్లగుంటే వాసనేమొస్తదిరా? కల్లును ఎవలన్న ఐసుల పెడ్తరా?"

అల్లుడు నవ్విండు. "తాతా, అక్కడ కూడ గదే చెప్తరు. ఇది పది, పన్నెండు డిగ్రీల మీద తాగాలెనట" అన్నడు. భోగి రాత్రి మా డాబా మీద గాలి అంతకంటే పెద్దగ వేడి లేదు. అంటే ఆ బీరును ఫ్రిజ్‌ల పెట్టకుండ ఉత్తగ డాబా మీద పెట్టినా సరిపోవు.

బాపు చేతుల నడుమ గిన్నె వెచ్చబడ్డది. అప్పుడు వంగి వాసన పట్టిండు. ఒకసారి పట్టి తల తిప్పి, మల్ల పట్టిండు. "మక్కలు మాడినట్టున్నది. ముందుగాల అదే వస్తున్నది. దాని ఎనుక ఇంకోటున్నది" అన్నడు. ఒక గుక్క తాగి నోట్లె అటిటు తిప్పి మింగిండు. కాసేపు ఆగిండు. "వాసన తీపున్నది. నోట్లె తీపి లేదు. గిదేం తిర్కాసురా?"

నేను నా గ్లాసు అందుకొని వాసన చూసిన. అప్పటికి అది కూడ చలి విడిచింది. ఈసారి వెనీలా ఉన్నది. నేను రోజు మూతలతోని కొలిచే వెనీలా మాత్రం కాదు. మా ఎసెన్స్ సీసా మూత తీస్తే వాసన ఒక్కటే సూటిగ వచ్చి ముక్కుకు గుచ్చుకుంటది. ఇది గుచ్చుకోలేదు. మెల్లగ వచ్చింది. కొంచెం ఎండిన కర్జూరం తీరు, కొంచెం కొత్త చెక్క పెట్టె తెరిచినట్టు, కొంచెం పొగాకు మడతల వాసన తీరు. గుక్క వేస్తే ముందు మాడు, దాని మీద చేదు, మింగినంక గొంతుకెల్లి పైకి ముక్కులకు ఆ వెనీలా వచ్చి నిలిచింది. నాలుక మీద చక్కెర లేదు. అయినా నోరు తీపి తిన్నట్టే ఉన్నది.

పదిహేడేండ్లు వెనీలాతోని బతికిన నాకు ఈ సంగతి ఒక్కనాడు తట్టలేదు. వెనీలాకు తీపి లేదు. ఉత్త ఎసెన్స్ నాలుకకు పెట్టుకుంటే చేదుగనే ఉంటది, ఆ సంగతి ప్రతి బేకరోనికి తెలుసు. తెలిసినా మేం దాన్ని ఎప్పుడూ చక్కెరతోనే కలిపి వాడుతం గనుక ఆ రెండిటినీ విడదీసి చూడలేదు. ఐస్‌క్రీమ్, కేకు, కస్టర్డ్ అన్నిట్లనూ వెనీలా పక్కన చక్కెర ఉంటది. చిన్నప్పటి సంది అట్లనే తిన్న నోరు, ఆ వాసన రాంగనే తీపి వచ్చిందనుకుంటది. చేదు బీరుల పడ్డప్పుడే వెనీలా ఒంటరిగ దొరికింది. మా బాపు వెనీలా అనే మాట ఎరుగడు, అందుకే ఒక్క గుక్కల పట్టిండు.

ఆ రాత్రి అల్లుణ్ణి కూసోబెట్టి అన్నీ అడిగిన. తర్వాత నేను కూడ చదువుకున్న. బీరు, కల్లు రెండూ పులిసినవే అయినా మొదలు వేరు. తాటి గెలకెల్లి దిగే నీరల చక్కెర ముందే ఉంటది. లొట్టిల పడంగనే గాలిల ఉన్న, లొట్టి గోడకు అంటిన ఈస్ట్ పని మొదలుపెడ్తది. పొద్దుగాల తియ్యగున్నది పొద్దుమూకెటాలకు పుల్లగయితది. నీర పులవొద్దనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తరు. బార్లీల చక్కెర ఉండదు, పిండి ఉంటది. అందుకే గింజలను నానబెట్టి మొలక రానిస్తరు, మనం రాగులను మొలకెత్తించి మాల్ట్ పిండి చేసినట్టే. మొలక వస్తుంటే పిండిని చక్కెర చేసే గుణం గింజల పుడ్తది. అప్పుడు ఆరబెట్టి, దంచి, వేడి నీళ్ళల్ల నానబెడితే తియ్యటి రసం వస్తది. దాన్ని హాప్స్ పూలతోని మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ వేస్తరు.

స్టౌట్‌కు నలుపు గింజలను వేంచుడుతోని వస్తది. బార్లీని కాఫీ గింజల తీరు ముదురుగ వేంచి, మొత్తంల కొంచెం మాత్రమే కలుపుతరు. ఆ కొంచెమే పీపా అంతా నల్లగ చేస్తది. 1817ల డేనియల్ వీలర్ అనే ఇంగ్లండ్ ఆయన తిరిగే డ్రమ్ముల మాల్టును, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజలను, మాడిపోకుండ నల్లగ వేంచే యంత్రానికి పేటెంట్ తీసుకున్నడు. లండన్ల పోర్టర్ అనే ముదురు రంగు బీరు అంతకు ముందు నుంచే ఉండె, అండ్ల ఘాటు రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేటోళ్ళు. పోను పోను ఆ పేర్ల స్టౌట్ అనే మాట ఒక్కటే మిగిలింది. డబ్లిన్ల ఆర్థర్ గిన్నిస్ 1759ల బ్రూవరీ జాగను తొమ్మిది వేల ఏండ్లకు కౌలు రాయించుకున్నడట. తొమ్మిది వేల ఏండ్ల కౌలు అంటే మా బాపుకు నమ్మకం కుదరలేదు, కాగితం చూపించమన్నడు.

ఈ స్టౌట్‌ల ఓట్స్ కూడ ఉన్నయి గదా, అందుకే గొంతుల నున్నగ జారింది. పాల చక్కెర, అంటే లాక్టోజ్, వేసే స్టౌట్లు కూడ ఉంటయట. ఆ ముచ్చట నాకు చెప్పకముందే తెలిసింది, ఎందుకంటే బ్రెడ్డుకు పాలు పోస్తే పాల చక్కెరను మా ఈస్ట్ ముట్టదు, అది అట్లనే మిగులుతది. బీరు ఈస్ట్ కూడ అంతే. అందుకే ఆ రకం బీరు తీపిగ మిగులుతది. మా సీసాల అది లేదు. లేనందుకు నేను సంతోషపడ్డ. తీపి పోసి ఉంటే బాపు అన్న మాట ఆ రాత్రి రాకపోవు.

వెనీలా చెట్టు కథ చదివినప్పుడు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అది ఆర్కిడ్ జాతి తీగ, పుట్టిల్లు మెక్సికో. పువ్వు పొద్దుగాల తెరుచుకొని ఆ ఒక్క పూటల్నే వాడిపోతది. ఆ పూటల పరాగం కలిస్తే కాయ, లేకుంటే లేదు. పువ్వు లోపల మగ భాగానికి, ఆడ భాగానికి నడుమ సన్నటి పొర అడ్డముంటది. మెక్సికో అవతల దేశాలల్ల తీగ పెరిగింది, పూలు పూసింది, కాయ మాత్రం కాయలే. 1841ల, ఫ్రాన్స్ చేతుల ఉన్న రీయూనియన్ దీవిల, ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేండ్ల బానిస పిలగాడు సన్న పుల్లతోని ఆ పొరను లేపి, బొటనవేలితోని అద్ది కలిపే తరీక కనిపెట్టిండు. ఇయ్యాల్టికీ లోకంల వెనీలా తోటలు చేతితోని అట్లనే, పువ్వు పువ్వుకు, చేస్తున్నయి. 1848ల బానిసత్వం రద్దయింది, ఆ పిలగాడు బయటపడ్డడు, గని పేదోని లెక్కనే 1880ల చనిపోయిండు. ఆయన చేతి పని మీద ఆ దీవి, తర్వాత మడగాస్కర్, లోకానికంతా వెనీలా అమ్ముకున్నయి.

ఈ ముచ్చట బాపుకు చెప్పిన. చాలసేపు ఏమీ అనలేదు. తర్వాత "పన్నెండేండ్ల పోరడా?" అని ఒక్క మాట అడిగిండు. నేను అవునన్న. బాపు మొదటిసారి తాటి చెట్టెక్కింది కూడ ఆ వయసులనే. ఆ సంగతి నాకు అవ్వ చెప్పింది, బాపు ఎన్నడూ చెప్పలే.

కాయ పచ్చిగున్నప్పుడు వాసనే ఉండదు. తెంపినంక వేడి నీళ్ళల్ల ముంచి, కంబళ్ళల్ల చుట్టి చెమట పట్టిస్తరు. పగలు ఎండల పెట్టి, రాత్రి మల్ల చుట్టి, ఇట్ల వారాలు చేసినంక నీడల ఆరబెట్టి పెట్టెలల్ల నెలలు మగ్గనిస్తరు. అప్పుడు నల్లబడి, ముడతలు పడి, నూనె దేరి వాసన పుడ్తది. ఆ వాసనల పెద్ద వంతు వెనిలిన్ అనే ఒక్క పదార్థానిది. దాన్ని 1874లనే జర్మనీల పైన్ చెట్టు రసంకెల్లి తయారు చేసిండ్రు. ఇప్పుడు ఎక్కువగ పెట్రోలియం సరుకుతోని చేస్తరు. నా సీసాల ఉన్నది అదే. కాయల మాత్రం వెనిలిన్‌తోని పాటు రెండు వందలకు పైన వేరే వాసన పదార్థాలుంటయి. నాకు తగిలిన కర్జూరం, చెక్క పెట్టె, పొగాకు మడత, అన్నీ వాటివే.

మన దేశంల కూడ కేరళ, కర్ణాటక రైతులు వెనీలా వేసిండ్రు. మడగాస్కర్ల తుఫాను వచ్చి పంట పోయినంక 2003 నాటికి ధర ఆకాశానికి పోయింది. ఆ ధర చూసి మస్తు మంది తీగలు నాటిండ్రు. తర్వాత ఒక్కసారే కూలింది. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల మీద కూసొని ధర పలుకుడు కోసం చూసిన రైతు మొఖం ఎరిగినోళ్ళకు ఆ రైతుల సంగతి నేను వేరే చెప్పనక్కర లేదు.

కనుమ నాడు రెండో సీసా తెరిచినం. ఈసారి ఫ్రిజ్ మాట లేదు. మధ్యాహ్నం సంది నీళ్ళ బకెట్ల పెట్టి, పొద్దుగూకంగనే డాబా మీద గోడ పక్కన ఉంచిన. మూతి పెద్దగున్న గ్లాసులు తెచ్చిన. మొదటి గుక్కకే వెనీలా వచ్చింది. బావ కూడ ఈసారి గ్లాసు ఖాళీ చేసిండు. "మొన్నటిదేనా ఇది?" అని రెండుసార్లు అడిగిండు.

ఆ రోజు నాకు బీరు కంటే సకినం ఎక్కువ నేర్పింది. సకినం కొరికితే ముందు వరి పిండి కరకర, తర్వాత వేగిన నువ్వు, కొసకు వాము ఘాటు. దాని మీద స్టౌట్ గుక్క పడంగనే నువ్వుల నూనె రుచి, వేంచిన బార్లీ రుచి ఒక్క ఇంటివే అన్నట్టు కలిసిపోయినయి. వాము మాత్రం వెనీలాతోని కొట్లాడింది. అందుకే వాము తక్కువ పడ్డ సకినాలు ఏరుకొని తిన్న. అక్క చేసిన సర్వపిండి ఇంకా బాగ కుదిరింది. అడుగున ఎర్రగ మాడిన వైపు, పల్లీలు, పచ్చిమిర్చి కారం. కారం మీద ఆ చేదు చల్లగ అనిపించింది. మటన్ తోని మాత్రం నప్పలేదు. మసాలాల లవంగం, యాలక్కాయ వెనీలాను మింగేసినయి, బీరుల ఉత్త మాడు మిగిలింది.

ఒక లోపం కూడ చెప్పాలె. గ్లాసు చివరికి వచ్చి బాగ వెచ్చబడ్డంక వెనీలా అన్నిటి మీదికి ఎక్కి కూసున్నది. బార్లీ కనబడలే. దగ్గు మందు తీరు ఒక వాసన కూడ తగిలింది. అల్లుడు చెప్పిండు, కాయలను చీరి ముందు ఘాటు మద్యంల నానబెట్టి, బీరు పులిసినంక పీపాల కలుపుతరట, ఆల్కహాల్ వెనీలాను బాగ గుంజుతది గనుక. ఎన్ని రోజులుంచిండ్రో అన్నదాని మీద అంతా ఉంటది. నాకైతే వీళ్ళు రెండు మూడు రోజులు ఎక్కువ ఉంచిండ్రనిపించింది. నేను చేస్తే మూడో వంతు కాయలు తగ్గిద్దును.

పండుగ అయినంక నేను కేరళ కాయలు పది తెప్పించిన. ఒక్కో కాయ ధరకు నేను వాడే ఎసెన్స్ చిన్న సీసాలు రెండు వస్తయి. జానెడు పొడుగు, చింతపండు గుజ్జు తీరు మెత్తగ, నల్లగ మెరుస్తున్నది. చాకు కొసతోని నిలువుగ చీరి, చాకు వీపుతోని లోపల గీకిన. చాకు మీద నల్లటి ముద్ద వచ్చింది. వేలితోని రాస్తే గింజలు. గసగసాలు కూడ వాటి ముందు పెద్దవే. ఆ జిడ్డు నా బొటనవేలికి అంటి, సబ్బుతోని కడిగినా రాత్రిదాకా పోలే. బాపు నా చెయ్యి పట్టుకొని ముక్కుకాడ పెట్టుకున్నడు. "గిదే. ఆ నల్ల దాంట్ల ఎనుక ఉన్నది గిదే" అన్నడు.

ఒకే పిండితోని రెండు స్పాంజులు చేసిన, ఒకటి ఎసెన్స్‌ది, ఒకటి కాయది. ఓవెన్‌కెల్లి తీసినంక రెండిటి నడుమ తేడా నాకు, మా మేస్త్రీకి దొరకలేదు. ఓవెన్ వేడికి ఆ సన్న వాసనలు చాల వరకు ఎగిరిపోతయి, వెనిలిన్ మిగులుతది. అంటే బిస్కెట్టుకు, స్పాంజికి కాయ వేసుడు పైసలు పొయ్యిల పెట్టినట్టే. క్రీముల, కస్టర్డ్‌ల మాత్రం తేడా నిలిచింది. అందుకే ఇప్పుడు శనివారం ఒక్క రోజు, ముదురు చాక్లెట్ కేకు మీద చక్కెర సగం తగ్గించి, కాయ గీకిన క్రీము పెడుతున్న. నల్ల చుక్కలు చూసి ఒకామె క్రీముల దుమ్ము పడ్డదా అన్నది. చాకు మీద గింజలు చూపించి, వాసన చూడమన్న. రెండు ముక్కలు కట్టించుకొని పోయింది.

ఇంకొక్క సీసా మిగిలింది. బేకరీల మైదా బస్తాల ఎనుక, ఎండ తగలని కాడ, పేపర్ల చుట్టి నిలబెట్టిన. మొన్న బాపు అడిగిండు, అది ఇంకున్నదా అని. ఉన్నదన్న. మా ఊర్ల బాపు దోస్తు కొడుకు ఇంకా చెట్లు గీస్తున్నడు. పోద్దాళ్ళు ధార మంచిగ పట్టంగనే ఒకనాడు పొద్దుగాల పోదాం, అప్పుడే దించిన లొట్టి ఒక దిక్కు, ఈ నల్ల సీసా ఒక దిక్కు పెట్టుకొని చూద్దాం అన్నడు. సీసాను ఫ్రిజ్‌ల పెట్టకుమని రెండుసార్లు చెప్పిండు.